రెండు వేళ్ళ బట్ట

మండపేట సంతవీధిలో సూర్యచంద్రం అనే దర్జీ ఉండేవాడు. చేతిపనిలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేరు గానీ, ఒకసారి కుట్టి ఇచ్చిన బట్ట మళ్ళీ తన గుమ్మం ఎక్కితే మాత్రం అతనికి ఒళ్ళు మండిపోయేది.

కొత్త బట్ట తెచ్చినవాళ్ళని చూస్తే మొహం చేటంత చేసుకునేవాడు. బల్ల మీద పరిచి, అరచేత్తో నిమిరి, సుద్దముక్కతో గీతలు గీసేవాడు. అదే మనిషి ఆరు నెలలు పోయాక అదే జాకెట్టు సంచిలోంచి తీసి "కాస్త బిగుతైంది, వదులు చేసి పెట్టు" అంటే మాత్రం, కాకరకాయ రసం తాగినవాడిలా చూసేవాడు. "నేను దర్జీనా, పాతబట్టల వైద్యుణ్ణా?" అని గొణిగేవాడు. గొణిగి గొణిగి, నాలుగుసార్లు తిప్పి, చివరికి చేసి పెట్టేవాడు. ఎందుకంటే అప్పట్లో చేసి పెట్టడానికి లోపల బట్ట ఉండేది.

ఆ లోపలి బట్ట సంగతి ముందు చెప్పాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు దర్జీకి బట్ట ఇచ్చి, గుమ్మం దాటాక వెనక్కి తిరిగి ఒక మాట చెప్తారు. "లోపల కాస్త ఎక్కువ వదులు బాబూ" అని. మంచి దర్జీ అందుకు తగ్గట్టే కొంత బట్ట లోపలే ఉంచి, పక్కల్లో ఒకటికి మూడు కుట్లు వరసగా వేస్తాడు. ఒళ్ళు చేస్తే ఒక కుట్టు విప్పుకోవచ్చు. ఇంకా చేస్తే ఇంకొకటి. పిల్లల గౌన్లకి కింద మడత వదులుతాడు. పిల్ల పొడుగైన కొద్దీ మడత కిందికి దిగుతుంది, గౌను కూడా పిల్లతో పాటే పెరుగుతుంది. మీలో చాలామంది అలాంటి గౌన్లు తొడుక్కునే పెద్దవాళ్ళయి ఉంటారు. మడత దిగినచోట రంగు తేడాగా ఒక గీత కనపడుతుంది, గుర్తుందా? అదే.

సూర్యచంద్రం తండ్రి వీర్రాజు కూడా దర్జీయే. కొడుక్కి మొదటిసారి కత్తెర ఇచ్చినప్పుడు ఆయన టేపు ఇవ్వలేదు. రెండు వేళ్ళు చూపించాడు.

"కుట్టు దగ్గర ఇంత వదిలి కొయ్యి" అన్నాడు. "గజం బట్ట ఊరికే రాదురా. ఎక్కడో పత్తిచేను ఎండనకా వాననకా నిలబడాలి. ఒకళ్ళు వడకాలి, ఒకళ్ళు నెయ్యాలి, ఒకళ్ళు రంగు ముంచాలి. ఇంతమంది కష్టం ఏడాది తిరక్కుండా మసిగుడ్డ అయిపోతే మనకి పుట్టగతులుండవు. ఇవాళ్టి ఒంటికి కుట్టేది సగం పనే. రేపటి ఒంటికి కూడా కుట్టాలి."

తండ్రి ఉన్నన్నాళ్ళూ సూర్యచంద్రం రెండు వేళ్ళూ వదిలాడు. ఆయన పోయాక కూడా అలవాటు కొద్దీ వదిలాడు. ఆ అలవాటుని మాన్పించింది ఒక మిషను.

ఒకసారి పని మీద రాజమండ్రి వెళ్ళి, అక్కడ ఒక పెద్ద బట్టల కొట్టు మేడమీద కుట్టుపని జరిగే గదిని చూసొచ్చాడు. అక్కడ ఓవర్‌లాక్ మిషన్లు ఉన్నాయి. ఆ మిషనుకి సూది పక్కనే చిన్న కత్తి ఉంటుంది. అది ఒకవైపు కుడుతూనే ఇంకోవైపు మిగులు బట్టని కోసి పారేస్తుంది. కుట్టిన బట్టని తిరగేసి చూస్తే లోపల కూడా ఒక్క పోగు వేలాడదు. సూర్యచంద్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

అక్కడి మేస్త్రీ నవ్వి, "లోపల బట్ట వదిలామనుకోండి, మళ్ళీ పట్టుకొచ్చి విప్పమంటారు. అసలు లేదనుకోండి, ఎవరూ రారు" అన్నాడు.

ఆ చివరి మాట సూర్యచంద్రం చెవుల్లో అమృతం పోసినట్టయింది. తిరిగొచ్చిన నెలలోనే అలాంటి మిషను ఒకటి తెచ్చి దుకాణంలో పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ రోజు నుంచి అతను కుట్టిన బట్టల్లో రెండు వేళ్ళ బట్ట కాస్తా గోరంత అయిపోయింది.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. తరవాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పోస్టాఫీసు వీధి కాంతమ్మగారు జాకెట్టు పట్టుకొచ్చి బల్ల మీద పడేసింది.

"ఏమయ్యా, దసరాకి కుట్టావు, నాగులచవితికి పట్టట్లేదు. కాస్త విప్పి పెట్టు" అంది.

సూర్యచంద్రం దాన్ని తిరగేసి చూపించాడు. "ఏం విప్పమంటారండీ? చూడండి. పైన ఎంత అందంగా ఉందో, లోపల కూడా అంతే అందంగా లేదూ?"

"అందంగానే ఉంది. కానీ నేను దాన్ని తిరగేసి తొడుక్కోను కదా" అంది కాంతమ్మగారు.

"కొత్తది కుట్టించుకోండి" అన్నాడు సూర్యచంద్రం. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. బంగారంలాంటి జాకెట్టు ఆ వారమే వాళ్ళ వంటింట్లో గిన్నెలు దించే గుడ్డ అయింది. అది తెలిసినా సూర్యచంద్రం ఏమీ అనుకోలేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం అతను.

ఇక కత్తిరింపు ముక్కలు. తండ్రి బతికున్నప్పుడు ఆ ముక్కలతో తలగడలు నిండేవి, కాజాల వెనక పట్టీలయ్యేవి. ఇప్పుడు ఓవర్‌లాక్ మిషను కోసి పారేసేవి కొన్ని, తొందరలో సూర్యచంద్రమే అడ్డదిడ్డంగా కోసి వదిలేసేవి కొన్ని, రోజూ ఒక మూట పోగయ్యేది. ఒకసారి పెరట్లో తగలబెట్టాడు. పాలియెస్టర్ కలిసిన గుడ్డ కదా, వీధంతా కంపు కొట్టి ఇరుగుపొరుగు దెబ్బలాటకి వచ్చారు. దాంతో ఆ పని భార్య మంగతాయారుకి అప్పగించాడు.

"కాలవగట్టు మీదకి తీసుకెళ్ళి తగలబెట్టు. అంతేగానీ వాటితో బొంతలూ గింతలూ కుట్టావంటే ఊరుకోను. దర్జీ ఇంట్లో అతుకుల బొంతేంటి, పరువు పోతుంది" అన్నాడు.

మంగతాయారు తలూపింది. ఆవిడ తలూపిందంటే ఒప్పుకున్నట్టు కాదని, ఇన్నేళ్ళు కాపురం చేసినా సూర్యచంద్రానికి తెలీదు.

ఇలా ఉండగా జూన్ నెల వచ్చింది. ఊళ్ళో ఆడపిల్లల హైస్కూలు యూనిఫాంలు కుట్టే పని మొత్తం సూర్యచంద్రానికి దొరికింది. బడివాళ్ళు పంపిన నీలం, తెలుపు సన్నగళ్ళ బట్ట తానులు తానులుగా దుకాణంలోకి దిగింది. పిల్లలు వరసలో నిలబడి కొలతలు ఇచ్చారు. తల్లులు వెనకనుంచి అదే మాట చెప్పారు. "ఎదిగే పిల్ల, లోపల ఎక్కువ వదులు బాబూ."

"అలాగేనమ్మా, అలాగే" అన్నాడు సూర్యచంద్రం ప్రతి ఒక్కరితోనూ. అని, ఓవర్‌లాక్ మిషను మీద కూర్చున్నాడు. చూడండి, వదలనని చెప్పినా బాగుండేది. తల్లులు ఇంకో దర్జీ దగ్గరికి పోయేవాళ్ళు. 'అలాగే' అన్నాడు. నాకు అతని మీద నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

ఆ వరసలో పావని అనే పిల్ల ఉంది. పదో తరగతిలోకి వచ్చింది. తల్లి నాగరత్నం కోళ్ళఫారంలో గుడ్లు ఏరి అట్టల్లో సర్దే పని చేసేది. పావని క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల. మాస్టారు ప్రశ్న పూర్తి చెయ్యకముందే దాని చెయ్యి పైకి లేచేది.

"మావయ్యగారూ, నేను ఈ ఏడాది బాగా పొడుగవుతానంట. మా అమ్మ అంటోంది. కాస్త చూసి కుట్టండి" అంది ఆ పిల్ల కొలతలిస్తూ.

"అలాగేలే" అన్నాడు సూర్యచంద్రం.

పావని బడికి వెళ్ళే దారి దుకాణం ముందు నుంచే. రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చేసరికి చెయ్యి బాగా పైకెత్తి ఊపుతూ "మావయ్యగారూ, వెళ్ళొస్తానండీ" అని కేకేసేది. సూర్యచంద్రం మిషను మీంచి కళ్ళెత్తకుండానే "ఊఁ" అనేవాడు. అయినా ఆ కేక వినపడని ఆదివారాలు అతనికి ఏదో మరిచిపోయినట్టుండేది.

వానలు పోయాయి. దసరా సెలవులు అయ్యాయి. పావని నిజంగానే పొడుగైంది. ఆ వయసు ఆడపిల్లకి ఒళ్ళు ఎలా మారుతుందో అలా మారింది. సెలవుల తరవాత ఆ పిల్ల చెయ్యి ఊపడం మానేసింది. పుస్తకాల సంచిని వీపుకి తగిలించుకోకుండా గుండెలకి హత్తుకుని, భుజాలు ముందుకి వంచుకుని, గోడవారగా నడిచి వెళ్ళిపోయేది.

"చూశావా, పదో తరగతికి రాగానే పొగరొచ్చింది. పలకరింపు కూడా లేదు" అన్నాడు సూర్యచంద్రం భార్యతో.

మంగతాయారు వీధిలోకి తొంగి చూసింది. వంగి నడిచి వెళ్తున్న ఆ పిల్ల వీపు చూసింది. "పొగరున్నవాళ్ళు అలా నడవరండీ" అంది. సూర్యచంద్రం వినిపించుకోలేదు.

తరవాత వారంలో నాగరత్నం వచ్చింది. యూనిఫాం టాపు కాగితంలో చుట్టి తెచ్చింది.

"చంకల దగ్గరా ఛాతీ దగ్గరా పట్టేస్తందండి పిల్లకి. కాస్త విప్పి పెట్టండి బాబూ. రెండోదీ అలాగే ఉందండి."

సూర్యచంద్రానికి పాతబట్ట కనపడగానే మామూలుగా వచ్చే చిరాకు వచ్చింది. టాపు తిరగేసి చూపించాడు. "లోపల ఏముందని విప్పను? ఈ రోజుల్లో ఎవరూ వదలరమ్మా."

"మీరు వదుల్తానన్నారు గదండీ" అంది నాగరత్నం. కోపంగా అనలేదు. జ్ఞాపకం చేసినట్టు అంది.

సూర్యచంద్రం టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. "కొత్త బట్ట తెచ్చుకో. కూలి కూడా అక్కర్లేదు, ఊరికే కుట్టి పెడతాను" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు మరి.

"బడోళ్ళని అడిగేనండి. జూన్‌లో వచ్చిందేనంట, ఐపోయిందంట. మళ్ళీ జూన్‌కేనంటండి."

"మరైతే జూన్ దాకా సర్దుకోండి."

నాగరత్నం టాపుని మళ్ళీ జాగ్రత్తగా మడిచి, కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయింది. సూర్యచంద్రం ఆ సంగతి అక్కడితో మరిచిపోయాడు.

కార్తీకమాసం వచ్చేసరికి పావని ఆ దారిన కనపడటమే మానేసింది. నెమ్మదిగా అతనికి అది తెలిసొచ్చింది. పొద్దున్నే మిషను తొక్కుతూ తొక్కుతూ, తనకి తెలీకుండానే రెండుమూడుసార్లు వీధివైపు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర మంగతాయారు చెప్పింది.

"గుడ్లకని కోళ్ళఫారానికి వెళ్ళానండీ. పావని అక్కడ వాళ్ళమ్మ పక్కన కూర్చుని గుడ్లు ఏరుతోంది."

"బడి లేదా?"

"మానేసిందంట. పదిరోజులైంది. పక్కకి పిలిచి అడిగితే ఏడ్చింది. మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు తెలుసంట. చెయ్యెత్తబోతే చంక దగ్గర కుట్టు పరపరమంటోందంట. ఒకరోజు నిజంగానే పిగిలింది. వెనక బెంచీ పిల్లలు నవ్వారు. అప్పటినుంచీ చెయ్యెత్తడం మానేసింది. మాస్టారేమో 'ఏంటమ్మా, ఈమధ్య చదవట్లేదా' అన్నారంట. ఆ మాట పడలేకపోయింది పిల్ల. యూనిఫాం లేకుండా గేటు దాటనివ్వరు, ఉన్నది తొడుక్కుంటే సిగ్గు. కడుపునొప్పని ఒకరోజు, తలనొప్పని ఒకరోజు మానేసి, చివరికి వెళ్ళనని కూర్చుంది. వచ్చే సోమవారం నుంచి పరీక్షలంట. అవి కూడా రాయదంట."

సూర్యచంద్రం వెంటనే అన్నాడు. "పిల్ల పెరిగితే నా తప్పా?"

"పిల్లలు పెరుగుతారని మీకు తెలీదా?" అంది మంగతాయారు.

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. పొగరన్నాడు ఆ పిల్లని. చేతులు పైకి లేవకుండా కుట్టి ఇచ్చింది తనే, చెయ్యి ఊపలేదని తప్పు పట్టిందీ తనే. సూర్యచంద్రం చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ పూట దుకాణం తలుపు తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే ద్వారపూడి బట్టల సంతకి బస్సెక్కాడు. ఆ సన్నగళ్ళ బట్ట కోసం కొట్టు కొట్టూ తిరిగాడు. ఒక షావుకారు, మిషను కింద దొరికితే అతను తెచ్చిన వేలెడు పీలిక చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ గళ్ళు ఇప్పుడు రావట్లేదండీ. మిల్లువాళ్ళు మార్చేశారు. ఇదిగో, ఇలాంటిదే, గడి కాస్త పెద్దది. పట్టుకెళ్ళండి."

సూర్యచంద్రం రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. గడి పెద్దది, పైగా కొత్త బట్ట నిగనిగలాడుతోంది. ఆర్నెల్లు ఉతికిన టాపుకి దీన్ని అతికితే వీధి చివరి నుంచి కూడా అతుకని తెలుస్తుంది. అప్పటికే నవ్విన పిల్లలు ఇంకా నవ్వుతారు. వద్దని చెప్పి ఖాళీ చేతులతో బస్సెక్కాడు.

బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ బట్టే, ఆ గళ్ళే, జూన్‌లో తన దుకాణంలో గుట్టలుగా పడి ఉంది. ముక్కలన్నీ మూటలు కట్టి తనే కదా తగలబెట్టమన్నాడు. దిగగానే ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కాలవగట్టుకి వెళ్ళాడు. కాలని పీలిక ఒక్కటైనా మిగిలి ఉంటుందేమోనని కర్రపుల్లతో గట్టంతా కెలికాడు. పీలిక లేదు. విచిత్రమేంటంటే బూడిద కూడా లేదు. గట్టంతా పచ్చగడ్డి.

ఇంటికొచ్చి భార్యని పిలిచాడు. "ఏమే, ముక్కలు ఎక్కడ తగలబెట్టావు?"

"ఎందుకు, బూడిద కావాలా?" అంది మంగతాయారు.

"ఎగతాళి చెయ్యకు. ఆ గళ్ళ ముక్క ఒక్కటి దొరికినా ఆ పిల్ల బడికి వెళ్తుంది."

అతని గొంతు వినేసరికి మంగతాయారు మొహంలో ఎగతాళి పోయింది. తిన్నగా లోపలి గదిలోకి నడిచింది. అక్కడ పురిటికి వచ్చిన కూతురు, ఉయ్యాల్లో నాలుగు నెలల పసిపాప ఉన్నారు. మంగతాయారు నిద్రపోతున్న పాపని మెల్లిగా ఎత్తి భర్త చేతుల్లో పెట్టింది. ఉయ్యాల్లో పరిచిన బొంత తీసింది. పైన పాత చీరతో మెత్తగా గలీబు కుట్టిన బొంత అది. పాప పుట్టినప్పటినుంచీ సూర్యచంద్రం రోజూ చూస్తున్నదే. పాతచీర బొంత అనుకున్నాడు గానీ, లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు.

మంగతాయారు అతని కత్తెరే తెచ్చి, ఒక అంచు విప్పి, తిరగేసింది. లోపలంతా నీలం, తెలుపు సన్నగళ్ళు.

"మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడు కుట్టాను. ఇదొక్కటే కాదు. ఈ ఏడు ఈ పేటలో పురుడు వచ్చిన ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చాను. తగలబెట్టమన్నారు. మనసొప్పలేదు. తిట్టాలనుకుంటే తిట్టండి" అంది.

సూర్యచంద్రం తిట్టలేదు. పాపని కూతురికిచ్చి, నేలమీద కూర్చుని, బొంతలోంచి ఒక్కొక్క ముక్కే విప్పి తీశాడు. పీలికలే ఉంటాయనుకున్నాడు. అరచెయ్యంత ముక్కలున్నాయి. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు పట్టీలు కూడా ఉన్నాయి. "ఇంత బట్ట పారేశానా నేను?" అన్నాడు. ఆ మాట అతను భార్యని అడగలేదని ఆవిడకి తెలుసు.

నాగరత్నం ఇంటికి వెళ్ళి మంగతాయారే టాపులు రెండూ తెచ్చింది. సూర్యచంద్రం బొంత ముక్కని టాపు పక్కన పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. పసిపాప పక్కబట్ట కదా, రోజు విడిచి రోజు ఉతికేవాళ్ళు. పావని టాపు ఎంత వెలిసిందో ఆ ముక్కా అంతే వెలిసింది. కొత్త బట్టయితే ఇలా కలిసేది కాదు.

తను ఎంతో మురిసిపోయిన ఓవర్‌లాక్ కుట్టు విప్పడం ఎంత యాతనో అతనికి అప్పుడు తెలిసింది. అంచున పోగులు లేచిపోకుండా, సూదిమొనతో ఒక్కో కుట్టూ తీశాడు. పక్కలకి కింది నుంచి చంక దాకా పట్టీలు వేశాడు. చేయి లేపితే లాగకుండా చంక కింద నాలుగు పలకల చిన్న ముక్క పెట్టాడు. గడి గడికి కలిపాడు. ఇదంతా మామూలు మిషను మీదే కుట్టాడు. లోపల రెండు వేళ్ళు కొలిచి వదిలి, వరసగా మూడు కుట్లు వేశాడు. తిరగేసి చూస్తే లోపల అందంగా ఏమీ లేదు. ఎప్పుడో తండ్రి కుట్టిన బట్టలా ఉంది.

టాపులు తీసుకుని తనే నాగరత్నం ఇంటికి వెళ్ళాడు. కుట్టిన బట్టని ఇంటికి మోసుకెళ్ళి ఇవ్వడం అతని జన్మలో అదే మొదలు. నాగరత్నం గాభరా పడి కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు. తలుపు వెనక పావని నిలబడి ఉంది, అక్కడ కూడా భుజాలు ముందుకి వంచుకునే ఉంది.

"అమ్మా పావనీ, ఇలా రా" అన్నాడు సూర్యచంద్రం. "నీకు నేను అలాగేనని చెప్పి, వదల్లేదు. పెరగడం తప్పు కాదమ్మా. పెరిగే పిల్లకి చోటు వదలకుండా కొయ్యడం తప్పు. అది నా కత్తెర చేసిన తప్పు. నువ్వు సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు. సిగ్గుపడాల్సినవాణ్ణి నేను వచ్చాను."

పెద్దవాడు అలా మాట్లాడేసరికి ఆ పిల్లకి ఏం చెయ్యాలో తోచలేదు. టాపు తీసుకుని లోపలికి వెళ్ళి తొడుక్కుని వచ్చింది. అతుకు ఎక్కడుందోనని నాగరత్నం వెతికి చూసింది. కనపడలేదు.

"ఏదీ, చెయ్యెత్తు" అన్నాడు సూర్యచంద్రం.

పావని చెయ్యి సగం దాకా లేపి ఆగింది. పరపరమనే చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడింది. చప్పుడు రాలేదు. ఇంకాస్త లేపింది. తరవాత బాగా పైకి, వేళ్ళు చూరుకి తగిలేదాకా లేపింది. వెంటనే రెండో చెయ్యి కూడా లేపి చూసుకుంది. ఇన్నాళ్ళూ ముందుకి వంగి ఉన్న ఆ భుజాలు వెనక్కి వెళ్ళాయి. నాగరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సూర్యచంద్రం చూరు వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపు అతనికీ కళ్ళు సరిగ్గా కనపడలేదు.

ఇంటికి రాగానే అతను చేసిన మొదటి పని, ఓవర్‌లాక్ మిషను పక్కనున్న కత్తిని మర విప్పి తీసి సొరుగులో పెట్టడం. మిషను పాపం ఏం చేసింది, అంచు కుట్టడానికి పనికొస్తుంది. కొయ్యడం మాత్రం ఇక దాని పని కాదన్నాడు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. పావని ఒక్కతే కాదు, ఆ బడిలో ఇంకా ఎంతమంది పిల్లలు చేతులు దించుకుని కూర్చున్నారో అప్పుడు బయటపడింది. తల్లులు టాపులు పట్టుకుని వచ్చారు. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు బొంతలు పట్టుకుని వచ్చారు. బొంతలోంచి ముక్కలు తీసి టాపులకి వేశాడు. ఖాళీ అయిన బొంతల్లోకి పాత లుంగీలూ చిరిగిన చీరలూ పెట్టి మంగతాయారు మళ్ళీ కుట్టి ఇచ్చింది. ఈసారి ఆవిడ దుకాణంలోనే, బల్ల పక్కనే పీట వేసుకుని కూర్చుని కుట్టింది. పరువు ఎక్కడికీ పోలేదు. ఇంకొంచెం పెరిగిందనే ఊళ్ళో అనుకున్నారు.

ఆ వారంలోనే ఒకరోజు కాంతమ్మగారు ఆ దారిన పోతూ గుమ్మం నిండా పాతబట్టలు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏమయ్యా, ఒళ్ళు మండట్లేదా ఇప్పుడు?" అంది.

"మండుతోందండీ" అన్నాడు సూర్యచంద్రం నిజాయితీగా. "అయినా మీ జాకెట్టు ఉంటే తీసుకురండి."

"గిన్నెలు దించడానికి వాడేశానయ్యా. అంతా మసి" అంది ఆవిడ. సూర్యచంద్రం తల వంచుకున్నాడు. కొన్ని బట్టలు తిరిగి రావు.

సోమవారం వచ్చింది. పరీక్షల మొదటి రోజు. సూర్యచంద్రం పొద్దున్నే దుకాణం తెరిచి, మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కలేదు. ఒక చేతిలో సూదీ, ఒక చేతిలో దారం పట్టుకుని వీధిలోకి చూస్తూ ఉన్నాడు. పిల్లలు గుంపులుగా వెళ్తున్నారు. వాళ్ళ మధ్యలో పావని వచ్చింది. పుస్తకాల సంచి వీపున ఉంది. దుకాణం ఎదురుగా ఆగి, చెయ్యి బాగా పైకెత్తి ఊపుతూ "మావయ్యగారూ, వెళ్ళొస్తానండీ" అని కేకేసింది.

సూర్యచంద్రం ఈసారి "ఊఁ" అనలేదు. లేచి నిలబడి, గుమ్మంలోకి వచ్చి, తనూ చెయ్యెత్తి "వెళ్ళిరా తల్లీ" అన్నాడు.

ఇవాళ్టి అందం చూసుకుని రేపటి బట్టని కోసి పారెయ్యకూడదు; పెరిగేవాళ్ళకి చోటు వదిలి కోసి, మిగిలిన ముక్కని కూడా దాచి వాడుకున్నవాడి చేతిపనే పదికాలాలు నిలుస్తుంది.